గోల్కొండలో షో, చంద్రపూర్‌లో కోట

పోయిన దీపావళి సెలవుల్లో మేము ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వెళ్ళాం. ఇంటిల్లిపాదీ అంటే బాపు, అమ్మ, నాయనమ్మ, నేను, నాలుగో తరగతి చదివే మా తమ్ముడు. బల్లార్షాలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి మా మేనత్త వాళ్ళింట్లో ఉన్నాం. రెండో రోజు మధ్యాహ్నం మామయ్య మమ్మల్ని గోల్కొండ కోటకు తీసుకెళ్ళాడు. కోట తిరిగి చూసి, చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో కూడా చూసి రావాలని ముందే అనుకున్నాం.

కోట లోపలికి అడుగు పెట్టగానే గుమ్మటం ఉన్న పెద్ద ద్వారం వస్తుంది. అక్కడ నిలబడి చప్పట్లు కొడితే పైన కొండ మీద ఉన్న బాలాహిస్సార్ దాకా వినబడుతుందని గైడు చెప్పాడు. శత్రువులు వచ్చినా, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చినా పైన ఉన్నవాళ్ళకు తెలియాలని అప్పట్లోనే అలా కట్టారట. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె మెట్లెక్కలేదు. నేను ఆమెకు తోడుగా కింద ఉండిపోయాను. బాపు, తమ్ముడు పైకి వెళ్ళాక నాయనమ్మ గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టింది. కాసేపటికి బాపు ఫోన్ చేసి "వినబడ్డదే! అమ్మ కొట్టిందా?" అన్నాడు. నాయనమ్మ ఎంత సంతోషపడిందో చెప్పలేను. "కాళ్ళు ఎక్కకపోతేంది, నా చప్పుడు ఎక్కింది" అని నవ్వింది.

సాయంత్రం షో మొదలైంది. చీకట్లో అందరం ఆరుబయట కూర్చున్నాం. ఒక్కొక్క గోడ మీద రంగు రంగుల లైట్లు పడుతుంటే, ఎక్కడి నుంచో గొంతు వచ్చి కథ చెబుతుంది. గొర్లు కాసే గొల్లల కొండ కాబట్టి గోల్కొండ అయింది. కాకతీయుల కాలంలో మట్టి కోట. 1518 నుంచి కుతుబ్‌షాహీలు ఏలారు, రాతి కోట వాళ్ళ కాలంలోనే పెరిగింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్ నగరం కట్టించాడు. భక్త రామదాసును ఖైదు చేసిన చెర ఈ కోటలోనే ఉంది. చివరికి 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసి కోటను పట్టుకుంది. అన్ని నెలలు నిలబడ్డ కోట ఎలా పడిపోయింది? లోపలి మనిషే లంచం తీసుకుని రాత్రిపూట తలుపు తెరిచాడు కాబట్టి. ఫిరంగుల చప్పుడుకు మా తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికి వచ్చే దాకా "అక్కా, ఆయన తలుపు ఎందుకు తీసిండు?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఇక్కడి వరకు అందరం వెళ్ళి వచ్చే యాత్రే. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రాత్రి అన్నం తినేటప్పుడు జరిగిన మాట. మా బావ (మేనత్త కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు) "మీ చంద్రపూర్‌ల చూడనీకి ఏముంటది?" అని అడిగాడు. నేను తాడోబా పులులు, బొగ్గు గనులు, థర్మల్ పవర్ స్టేషన్ అని చెప్పాను. తమ్ముడు మధ్యలో దూరి "మాకు కూడా కోట ఉంది" అన్నాడు. "అవునా, షో ఉంటదా మరి?" అన్నాడు బావ. "లేదు." "షో లేదా? మరి ఆ కోట కథేంది?" తమ్ముడు నా వైపు చూశాడు. నేను బాపు వైపు చూశాను. బాపు నీళ్ళు తాగాడు. మా ముగ్గురికీ తెలియదు.

నేను రోజూ జట్‌పురా గేటు కిందినుంచే ఆటోలో బడికి వస్తాను. అంటే ఎన్నో ఏళ్ళుగా ఒక కోట తలుపులోంచి లోపలికి వెళ్ళి, బయటికి వస్తున్నాను. దాని గురించి ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. గోల్కొండ గురించి మాత్రం ఒక్క గంటలో ఇంత నేర్చుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అలా అయింది నా సంగతి.

సెలవులయ్యాక మా చరిత్ర సారును అడిగాను, పుస్తకాలు వెతికాను. మొదట ఈ షోల సంగతే తెలుసుకున్నాను. కోటల మీద లైట్లు వేసి కథ చెప్పే పద్ధతి ఫ్రాన్స్‌లో పుట్టింది. 1952లో షాంబోర్ అనే రాజభవనం దగ్గర మొదటి షో వేశారు. అదే దేశంలో పుయ్ దు ఫూ అనే చోట ఒక పాత కోట ఉంది. 1794లో యుద్ధంలో దాన్ని తగలబెట్టారు, తర్వాత శిథిలమైపోయింది. 1978లో చుట్టుపక్కల ఊళ్ళ జనమే వేషాలు వేసుకుని, ఆ పాడుబడ్డ కోట ముందు తమ ప్రాంతం కథను రాత్రిపూట ఆడటం మొదలుపెట్టారు. జీతం తీసుకోకుండా ఆడారు. తర్వాత 1989లో అక్కడ పెద్ద పార్కే తయారైంది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ కుటుంబాలు వెళ్ళి చూస్తాయి. మన మహారాష్ట్రలో కూడా బాబాసాహెబ్ పురందరే గారు 1985లో 'జాణతా రాజా' నాటకం మొదలుపెట్టారు. శివాజీ మహారాజ్ జీవితాన్ని వందలమంది నటులతో, నిజం గుర్రాలతో, ఏనుగులతో చూపిస్తారు.

నాకు వీటిల్లో పుయ్ దు ఫూ వాళ్ళ సంగతి బాగా నచ్చింది. ఎవరో వచ్చి షో పెట్టాలని వాళ్ళు కూర్చోలేదు. అందుకని నేనొక పని చేశాను. మన కోట గురించి దొరికినంత నోట్సు రాసుకుని, ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళని బయలుదేరదీశాను. "ఇవ్వాళ మనకు షో ఉంది, టికెట్ లేదు" అన్నాను. బాపుకు ఆ రోజు డ్యూటీ లేదు. నాయనమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని బయలుదేరాం.

మొదటి ఆట జట్‌పురా గేటు దగ్గర. ఇది ఉత్తరం తలుపు. ట్రాఫిక్ హోరులో నిలబడి పైకి చూడమన్నాను. గేటు మీద రాతిలో చెక్కిన బొమ్మ ఉంటుంది, ఏనుగును అణచిపట్టిన సింహం. అది గోండు రాజుల గుర్తు. రోజూ దాని కిందినుంచే పోతాం గానీ తల ఎత్తి చూడం. "ఇన్నేండ్లల్ల నేను గూడ చూడలే" అన్నాడు బాపు.

అక్కడే తమ్ముడికి కోట పుట్టిన కథ చెప్పాను. 15వ శతాబ్దంలో ఖాండక్యా బల్లాళ్‌షా అనే గోండు రాజు బల్లార్‌పూర్‌లో ఉండేవాడు. ఒంటినిండా పుండ్లతో బాధపడేవాడు. ఒకరోజు వేటకు వచ్చి, దాహమై, జర్పట్ వాగులో ఒక గుంటలో నీళ్ళు తాగి ముఖం కడుక్కున్నాడు. మర్నాటికి పుండ్లు మానిపోయాయి. అక్కడే అంచలేశ్వర్ గుడి వెలిసింది. తర్వాత ఇంకోసారి, నుదుట తెల్ల మచ్చ ఉన్న కుందేలు ఒకటి రాజుగారి వేటకుక్కనే తరమడం చూశాడు. రాణి అది విని, ఆ కుందేలు పరుగెత్తిన దారి వెంట గోడ కట్టించమంది. అదే మన కోట.

తమ్ముడు వెంటనే "కుందేలు కుక్కను తరుముతదా? ఉత్తదే!" అన్నాడు. మంచి ప్రశ్న అన్నాను. గోల్కొండ షోలో కూడా భాగమతి ప్రేమకథ చెప్పారు, కానీ భాగమతి నిజంగా ఉందని కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు. కథ వేరు, రుజువు వేరు. కుందేలు కథకు రుజువు లేదు. గోడ మాత్రం ఎదురుగా ఉంది. 15 నుంచి 20 అడుగుల ఎత్తు, ఊరినంతా చుట్టి వచ్చే గోడ. గోల్కొండ బయటి గోడ దాదాపు 10 కిలోమీటర్లు ఉంటుందంటారు. మన గోడ కూడా ఇంచుమించు అంతే పొడుగు! ఇంత గోడ ఒక్క రాజు కాలంలో పూర్తి కాలేదు, తరాలు పట్టింది. దీనికి నాలుగు పెద్ద తలుపులు. ఉత్తరాన జట్‌పురా, పడమర బిన్‌బా, దక్షిణాన పఠాన్‌పురా, తూర్పున అంచలేశ్వర్. ఇవి కాక ఖిడ్కీలనే చిన్న దారులు ఐదు ఉన్నాయి. తమ్ముడికి వాటిలో 'చోర్ ఖిడ్కీ' పేరు తెగ నచ్చింది.

బిన్‌బా గేటు, పఠాన్‌పురా గేటు చూసుకుని అంచలేశ్వర్ గేటు దగ్గరికి వచ్చాం. అక్కడ గుడి పక్కనే గోండు రాజుల సమాధులు ఉన్నాయి. అన్నిట్లో పెద్దది బీర్‌షా రాజుది. ఆయన చనిపోయాక రాణి హిరాయి కట్టించింది. మహాకాళి గుడి కట్టించింది కూడా ఆమే. అప్పటిదాకా ఊరుకున్న నాయనమ్మ అక్కడ నోరు విప్పింది. "మహాకాళి జాతరకు నేను పెండ్లిగాక ముందే వచ్చిన బిడ్డా. మా అవ్వ, నాయిన పట్టుకొచ్చిండ్రు. చైత్రంల. మా ఊరి నుంచి రైలు నిండ జనమే. ఈ వాగుల్నే స్నానం జేసినం." మా నాయనమ్మ పుట్టిల్లు మంచిర్యాల దగ్గర పల్లె. ఆమె కోడలిగా చంద్రపూర్ వచ్చిందనే మాకు తెలుసు. అంతకు ముందే ఈ ఊరు ఆమెకు తెలుసని మాకెవరికీ తెలియదు, బాపుకు కూడా. ఆ రోజు షోలో అన్నిటికంటే మంచి భాగం నేను రాసుకున్న నోట్సులో లేదు.

చివరగా జైలు గోడ పక్కన ఆగాం. 1751లో గోండు రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. 1818 మే నెలలో ఇంగ్లీషు సైన్యం ఫిరంగులతో గోడను పగలగొట్టి కోటలోకి చొరబడింది. నలభై ఏళ్ళ తర్వాత బాబూరావు శేడ్మాకే అనే గోండు యువకుడు ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డాడు. అడవుల్లో గోండు యువకులను కూడగట్టి పోరాడాడు. అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మనుషులు ఆయన్ని పట్టి ఇచ్చారు. 1858 అక్టోబర్ 21న ఈ జైలు ఆవరణలోనే రావిచెట్టుకు ఉరితీశారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్ళు. తమ్ముడు అది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇక్కడ కూడా లోపలి మనిషే పట్టిచ్చిండా?" అన్నాడు. గోల్కొండలో అడిగిన ప్రశ్నను వాడు మర్చిపోలేదన్నమాట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన బడిలో చదివే చాలామందిని ఇక్కడ "మీరు ఆంధ్రావాళ్ళు" అంటారు. హైదరాబాద్ పోతే "మీది మహారాష్ట్ర తెలుగు" అని నవ్వుతారు. నాకు కూడా మనం ఎక్కడివాళ్ళమో అర్థమయ్యేది కాదు. గోండు రాజుల చరిత్ర చదువుతుంటే ఒక విషయం తెలిసింది. చంద్రపూర్, బల్లార్‌పూర్ కంటే ముందు వాళ్ళ రాజధాని సిర్పూర్ అని చెబుతారు. ఆ సిర్పూర్ ఇప్పుడు తెలంగాణలో, కొమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. బల్లార్షా నుంచి వార్ధా నది దాటి మన రైలు వెళ్ళేది ఆ దారినే. అంటే ఆ రోజుల్లో మా నాయనమ్మ పుట్టింటి వైపు అడవికీ, ఈ గోడకూ మధ్య ఇప్పుడున్న రాష్ట్రాల గీత లేదు. మేము గోల్కొండకు పోతూ, వస్తూ రెండుసార్లూ సిర్పూర్ దాటాం. రెండుసార్లూ నిద్రపోయాం.

మన కోటకు షో లేదని నేనిప్పుడు సిగ్గుపడటం లేదు. కానీ గోడ బాగుండాలి. కొన్నిచోట్ల రాళ్ళు ఊడాయి, పిచ్చిచెట్లు మొలిచాయి. ఎకో-ప్రో సంస్థ వాళ్ళు 2017 నుంచి శ్రమదానం చేసి ఈ గోడను శుభ్రం చేస్తున్నారు. వాళ్ళు నరికిన పొదల కింద మెట్లు, బురుజులు బయటపడుతుంటే చూడటానికి ఎంతో బాగుంటుంది. మనం కనీసం గోడ మీద పేర్లు రాయకుండా, పక్కన చెత్త పోయకుండా ఉండొచ్చు కదా.

సంక్రాంతికి మా బావ వాళ్ళు చంద్రపూర్ వస్తున్నారు. షో వేసేది మా తమ్ముడే. కుందేలు కథ వాడే చెబుతాడట, "కానీ రుజువు లేదు" అని కూడా చెబుతాడట. మహాకాళి జాతర భాగం నాయనమ్మది. తొమ్మిది, పది తరగతుల స్నేహితులెవరైనా మాతో రావాలనుకుంటే ఆదివారం ఉదయం ఏడు గంటలకు జట్‌పురా గేటు దగ్గరికి రండి. మీ ఇంట్లో నాయనమ్మనో తాతనో కూడా తీసుకురండి.