చేతి మీద పొంగు చెప్పేదెంత? మాంటూ టెస్ట్ కథ

ముంజేతి మీద సన్న సూదితో ఇంజెక్షన్ చేస్తారు, చుట్టూ పెన్నుతో గీత గీస్తారు, "రెండు రోజులాగి వచ్చి చూపించండి" అని పంపేస్తారు. మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఇది జరిగే ఉంటుంది. మన దగ్గర మాంటాక్స్ అంటారు గానీ, అసలు పలుకు మాంటూ. ఒక ఫ్రెంచి డాక్టరు పేరు. ఆ చోట గట్టిగా పొంగిందంటే ఇంటిల్లిపాదికీ కంగారే, టీబీ వచ్చేసిందేమోనని. ఆ పొంగుని ఎంతవరకు నమ్మాలి?

కథ ఒక ఫెయిల్యూర్‌తో మొదలవుతుంది. టీబీ బ్యాక్టీరియాని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కాక్, 1890లో దానికి మందు దొరికిందని బెర్లిన్‌లో ప్రకటించాడు. అదే ట్యూబర్క్యులిన్. అందులో ఏముందో మాత్రం మొదట చెప్పలేదు! రోగులు బెర్లిన్‌కి పరుగులు పెట్టారు. షెర్లాక్ హోమ్స్ రచయిత కానన్ డాయిల్ కూడా డాక్టరే కదా, ఆయనా వెళ్ళి చూసొచ్చి, తొందరపడొద్దని రాశాడు. చివరికి మందు పనిచేయలేదు. కొందరు చనిపోయారు కూడా. కానీ ఒక సంగతి మిగిలింది. టీబీ ఉన్నవాళ్ళ ఒళ్ళు దానికి గట్టిగా స్పందిస్తోంది.

దాన్నే పట్టుకుని 1907లో వియన్నాలో పిర్కే అనే పిల్లల డాక్టరు, చర్మం మీద గీరి ట్యూబర్క్యులిన్ వేసి చూశాడు. మరుసటి ఏడాది షార్ల్ మాంటూ, అంటే 1908లో, దాన్నే చర్మం పొరల్లోకి ఎక్కించాడు. పిర్కే చూసినవాళ్ళలో ఏ జబ్బూ లేని పిల్లలకీ పొంగింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ టెస్ట్ బ్యాక్టీరియాని వెతకదు. మన రోగనిరోధక శక్తికి దాని జ్ఞాపకం ఉందా అని అడుగుతుంది, అంతే. క్రిమి ఒంట్లో నిద్రపోతున్నా పొంగుతుంది, జబ్బు చేసినా పొంగుతుంది.

పైగా ఆ జ్ఞాపకం పొరపడుతుంది కూడా. మట్టిలో, నీళ్ళలో టీబీ క్రిమికి చుట్టాల్లాంటి బ్యాక్టీరియా బోలెడు. వాటితో పరిచయం ఉన్నా కాస్త పొంగుతుంది. 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టులో బీసీజీ టీకా మీద పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. రెండున్నర లక్షల మందికి పైగా జనం. అక్కడ పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ ఈ చుట్టాల పరిచయం ఉన్నట్టు తేలింది.

బీసీజీ అంటే గుర్తొచ్చింది, దేశంలో ఆ టీకా మొదలైంది మన మదనపల్లెలోనే, 1948లో. అప్పట్లో ముందు ఈ టెస్ట్ చేసి, పొంగనివాళ్ళకే టీకా వేసేవారు. తమాషా ఏంటంటే, టీకా వేశాక ఆ టీకా వల్లా చర్మం పొంగొచ్చు! పుట్టగానే వేస్తే ఆ ప్రభావం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది గానీ, అందరిలోనూ ఒకేలా తగ్గదు.

ఇంకా భయపడాల్సింది రెండోవైపు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి, బాగా చిక్కిపోయిన పిల్లలకి, ఒక్కోసారి టీబీ తీవ్రంగా ముదిరినవాళ్ళకి అసలు పొంగకపోవచ్చు. ఒంటికి స్పందించే ఓపిక ఉండదు. అప్పుడు "నెగటివ్" చూసి ఊపిరి పీల్చుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

చూసే పద్ధతి కూడా ముఖ్యమే. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. ఎరుపుని కాదు, వేలితో తడిమితే తగిలే గట్టిదనాన్ని కొలవాలి. మామూలుగా 10 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్ అంటారు, హెచ్‌ఐవీ ఉంటే 5 చాలు. ఇప్పుడు బీసీజీలో లేని ప్రోటీన్లతో చేసే కొత్త చర్మపరీక్షలు వచ్చాయి, టీకా వల్ల వచ్చే తికమక వాటితో తగ్గింది. అవి కూడా జబ్బుందో లేదో చెప్పలేవు, దానికి కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే ఉండాల్సిందే. రిపోర్టులో ఉత్తి "పాజిటివ్" అని రాసిస్తే మాత్రం, ఎన్ని మిల్లీమీటర్లండీ అని అడగండి.