గంతలు కట్టిన కుర్రాడు

ఫుట్‌బాల్ సంగతి ఎలా ఉన్నా, చీటీలు వెయ్యడం గురించి మనకెవరూ నేర్పనక్కర్లేదు కదండీ! ఒకే బొమ్మకోసం ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుంటే మనం చేసే పని అదే. 1954లో రోము నగరంలో కోట్లూ టైలూ కట్టిన పెద్దమనుషులు కూడా అదే చేశారంటే నాకు మొదట నవ్వొచ్చింది.

ఆ ఏడు స్విట్జర్లాండులో ప్రపంచకప్పు. యూరప్ దేశాలను ముందుగా చిన్న చిన్న గ్రూపులు చేసి, నెగ్గినవారినే రమ్మన్నారు. ఒక గ్రూపులో ఇద్దరే: స్పెయిన్, టర్కీ. స్పెయిన్ 1950 కప్పులో నాలుగో స్థానం సంపాదించిన జట్టు. టర్కీ అప్పటికి ప్రపంచకప్పు మొహమే చూడలేదు.

జనవరి 6న మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-1తో గెలిచింది. మార్చి 14న ఇస్తాంబుల్‌లో టర్కీ 1-0తో గెలిచింది. మన పచారీ పద్దులా కూడితే స్పెయిన్‌వి 4 గోల్స్, టర్కీవి 2. కాని ఆనాటి నిబంధనల్లో గోల్స్ కూడే పద్ధతి లేదు. చెరొక గెలుపు, సరికి సరి!

మూడు రోజులకే, ఇద్దరిదీ కాని రోములో మూడో ఆట. 2-2. అదనపు సమయం ఇచ్చినా తేలలేదు. పెనాల్టీ కిక్కులతో తేల్చే విధానం ఇంకా రాలేదు. చివరికి 14 ఏళ్ల ఇటాలియన్ కుర్రాణ్ణి పిలిచి, కళ్లకు గంతలు కట్టి, చీటీ తియ్యమన్నారు. తీశాడు. టర్కీ!

ఇరవైరెండుమంది చెమటోడ్చి తేల్చలేనిదాన్ని ఒక పసివాడి చేతిలో పెట్టడం పెద్దల తెలివా, తప్పించుకోవడమా? తప్పించుకోవడమే అంటాను నేను. బొమ్మ దక్కని పిల్లకి మనం కనీసం బిస్కట్టయినా ఇస్తాం.

తమాషా ఇక్కడితో ఆగలేదు. ఈ పోటీలు ముగియకముందే నిర్వాహకులు ‘పెద్ద జట్ల’కు పీటలు వేసేశారు. గ్రూపుకు రెండు పీటలు. పీట మీది జట్లు గ్రూపులో ఒకదానితో ఒకటి ఆడనక్కర్లేదు. స్పెయిన్ కోసం వేసిన పీట మీద టర్కీ కూర్చుంది, పక్కన హంగరీ. పశ్చిమ జర్మనీకి, దక్షిణ కొరియాకు పీట లేదు. ఆ పీట లేని జర్మనీయే టర్కీని 4-1తో ఒకసారి, 7-2తో మరోసారి ఓడించి, జూలై 4న బెర్న్‌లో హంగరీ మీద 3-2తో గెలిచి కప్పు పట్టుకుపోయింది! కొరియాను 7-0తో ఓడించిన తృప్తి ఒక్కటే టర్కీకి మిగిలింది.

టర్కీ మళ్లీ ప్రపంచకప్పులో కనబడింది 2002లో, 48 ఏళ్లకు. ఆసారి ఏ చీటీ సాయమూ లేకుండా మూడో స్థానం తెచ్చుకుంది. స్పెయిన్ మాత్రం 1958లో కూడా అర్హత పొందలేక 1962 దాకా ఇంట్లోనే కూర్చుంది.