ఒకే తెరపై రెండు ప్రీసెట్లు: స్కైరిమ్ గేములో గ్రాఫిక్స్ అమరికలను కలిపే విధానం

వీడియో గేము ఫైళ్లను మార్చి, కొత్తవి చేర్చి, ఆ గేము రూపాన్ని గానీ నడతను గానీ సవరించుకొనే పనిని మాడింగ్ అంటారు. ఆ సవరణలలో తెరపై కనిపించే వెలుగునీడలను, రంగులను మార్చేవి ఒక ప్రత్యేక శాఖ. ఏ వెలుగు ఎంత ఉండాలి, నీడ ఎంత చిక్కగా ఉండాలి, మంచు ఎంత తెల్లగా మెరవాలి అన్న వందలాది విలువలను ఒకరు కూర్చి, ఇతరులు వాడుకొనేందుకు వీలుగా ఫైళ్ల రూపంలో ఇచ్చిన అమరికకు ప్రీసెట్ అని పేరు. ఒక ప్రీసెట్‌లోని సూర్యాస్తమయం నచ్చి, మరొకదానిలోని రాత్రి నచ్చి, రెంటినీ కలుపుకోవాలన్న కోరిక ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివారికీ కలుగుతుంది. ఆ కలయిక చాలాసార్లు చెడుతుంది. ఎందుకు చెడుతుందో తెలిస్తే, చెడకుండా కలిపే మార్గమూ తెలుస్తుంది.

ఇందుకు చక్కని ఉదాహరణ బెథెస్డా గేమ్ స్టూడియోస్ సంస్థ 2011 నవంబరు 11న విడుదల చేసిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’. దీని 64 బిట్ల రూపమైన స్పెషల్ ఎడిషన్ 2016 అక్టోబరు 28న వచ్చింది. మంచుకొండలు, పైన్ అడవులు, దివిటీల వెలుతురులో మసకబారిన సమాధి గుహలు ఉన్న ఈ గేముకు వచ్చినన్ని గ్రాఫిక్స్ ప్రీసెట్లు బహు కొద్ది గేములకే వచ్చాయి.

స్కైరిమ్ ప్రీసెట్లలో అధికభాగం రెండు సాధనాలపై ఆధారపడినవి. మొదటిది ఈఎన్‌బీ సిరీస్. దీని నిర్మాత బోరిస్ వొరొంత్సోవ్ అనే రష్యన్ ప్రోగ్రామరు. స్కైరిమ్‌కు ముందే, ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ ఆడేవారిలో దీనికి పేరు వచ్చింది. రెండవది రీషేడ్, దీని మూలకోడ్ 2017 నుండి అందరికీ అందుబాటులో ఉంది. పైకి రెండూ చేసే పని ఒకటిగానే తోస్తుంది. నిజానికి అవి పనిచేసే చోట్లు వేరు, ఈ వ్యాసంలోని విషయమంతా ఆ తేడాపైనే నిలిచి ఉంది.

గేము ఒక దృశ్యాన్ని గీసేటప్పుడు మొదట వెలుగును విస్తారమైన పరిమాణంలో లెక్కిస్తుంది. సూర్యబింబం విలువ గోడ మీది ఎండ విలువకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఆ తరువాత ఆ విస్తారమైన వెలుగును తెర చూపగల పరిమితిలోకి కుదిస్తుంది. ఈ కుదింపుకే టోన్ మ్యాపింగ్ అని పేరు. ఈఎన్‌బీ గేము గీసే ప్రక్రియ లోపలికే చొచ్చుకొనిపోతుంది. కుదింపు జరిగే చోటనే అది కూర్చుంటుంది. సూర్యకాంతి, ఆకాశం, పొగమంచు, చర్మం, నీరు వేర్వేరుగా దాని చేతిలో ఉంటాయి. రీషేడ్ చేతికి వచ్చేది మాత్రం పూర్తయిపోయిన చిత్రం. సాధారణంగా అందులో ఒక్కొక్క రంగుకు 0 నుండి 255 వరకే మెట్లు ఉంటాయి. ఆరోగ్యపట్టీలు, అక్షరాలు కూడా అప్పటికే గీయబడి ఉంటాయి. ఒకటి వంట జరుగుతుండగా దినుసులు మార్చేది, మరొకటి వడ్డించిన విస్తరిపై నెయ్యి చల్లేది అనుకోవచ్చు. వడ్డించిన తరువాత ఉప్పు తగ్గించడం ఎవరి తరమూ కాదు.

రెండు ప్రీసెట్లు కలిసినప్పుడు వచ్చే మొదటి చిక్కు లెక్కకు సంబంధించినది. నలుపును 0, తెలుపును 1 అనుకొందాం. ఒక ప్రీసెట్ మధ్యవిలువ 0.5 చుట్టూ కాంట్రాస్టును 1.2 రెట్లు పెంచుతుంది. మంచులో ఒకచోట 0.9, దాని పక్కన 0.95 వెలుగు ఉన్నదనుకొంటే, ఆ పెంపు తరువాత మొదటిది 0.98 అవుతుంది, రెండవది 1.04 అయి, హద్దు దాటినందున 1 దగ్గర ఆగిపోతుంది. తేడా స్వల్పమే ఐనా ఇంకా మిగిలే ఉంది. రెండవ ప్రీసెట్ కూడా అదే 1.2 రెట్లు పెంచితే 0.98 కాస్తా 1.076 కావాలి, అదీ 1 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు రెండు చోట్లూ ఒకే తెలుపు. మంచులోని అడుగుజాడలు, గాలి చెక్కిన గీతలు అన్నీ మాయమై తెల్ల కాగితం మిగులుతుంది. చీకటి వైపునా ఇదే కథ: 0.1 విలువ మొదటి పెంపులో 0.02కు దిగి, రెండవ పెంపులో సున్న కంటే కిందికి పోయి నల్లని ముద్ద అవుతుంది. ఆ తరువాత రీషేడ్‌లో ఎంత వెలుగు పెంచినా పోయిన వివరం తిరిగి రాదు. నలుపు బూడిదరంగు అవుతుంది, అంతే. విడివిడిగా చూస్తే ఏ ప్రీసెట్ నిర్మాతదీ తప్పు కాదు. అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు పులుసులో ఉప్పు వేసినట్లు జరిగింది.

ఇదే న్యాయం తక్కిన ప్రభావాలకూ వర్తిస్తుంది. వెలుగు చుట్టూ కమ్ముకొనే కాంతిని బ్లూమ్ అంటారు. రెండు బ్లూములు కలిస్తే దివిటీ దివిటీలా కాక కళ్లజోడుపై పట్టిన ఆవిరిలా కనిపిస్తుంది. అంచుల పదును రెండుమార్లు పెరిగితే ప్రతి ఆకు చుట్టూ తెల్లని గీత పుడుతుంది. మూలల్లో నీడను చిక్కబరిచే ఆంబియంట్ అక్లూజన్ రెండు చోట్లా పనిచేస్తే గదుల మూలల్లో మసి పట్టినట్లుంటుంది, పైగా యంత్రంపై భారం కూడా రెండింతలకు చేరువవుతుంది. దూరపు వస్తువులను మసకబరిచే ప్రభావాన్ని రీషేడ్‌లో పెడితే మరొక విచిత్రం: తెరపై అక్షరాలు అప్పటికే చిత్రంలో భాగమైపోయాయి గనుక, వాటి వెనుక దూరపు కొండ ఉంటే కొండతోపాటు అక్షరాలూ మసకబారుతాయి. కనుక అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒక్కటే: ఏ ప్రభావానికైనా ఒక్కరే యజమాని. టోన్ మ్యాపింగ్, బ్లూమ్, మూలల నీడ, దూరపు మసక ఈఎన్‌బీకి వదలాలి. అంచుల స్వల్ప పదును, చివరి రంగు అద్దకం రీషేడ్‌కు ఇవ్వవచ్చు. రీషేడ్ జాబితాలో ప్రభావాలు పైనుండి కిందికి వరుసగా నడుస్తాయి. ఫిల్మ్ రేణువుల ప్రభావం వాడదలచుకొంటే దానిని పదును తరువాతనే ఉంచాలి, లేకుంటే రేణువులకే పదును పట్టి తెరంతా ఇసుక చల్లినట్లవుతుంది.

రెండు ఈఎన్‌బీ ప్రీసెట్లనే కలపదలచినవారి పని ఇంకా సున్నితమైనది. ఒక ఈఎన్‌బీ ప్రీసెట్ ఒక్క ఫైలు కాదు. ‘ఈఎన్‌బీసిరీస్.ఐఎన్ఐ’ అనే ఫైలులో సూర్యకాంతి, పరిసరకాంతి, ఆకాశం వంటి విలువలు ఉంటాయి. ‘ఈఎన్‌బీఎఫెక్ట్.ఎఫ్ఎక్స్’ అనేది షేడర్ కోడ్. టోన్ మ్యాపింగ్, రంగుల సవరణ ఇందులోనే జరుగుతాయి. దానికి జతగా అదే పేరు చివర ‘.ఐఎన్ఐ’ చేరిన మరొక ఫైలు ఉంటుంది, ఆ కోడ్ అడిగే విలువలు ఇందులో ఉంటాయి. బ్లూమ్‌కు, లెన్స్‌కు, కంటి అలవాటుకు ఇలాగే వేర్వేరు జంటలు. మొదటివారి కోడ్ తెచ్చి రెండవవారి విలువల ఫైలును పక్కన పెడితే, పేర్లు కలవని విలువలను కోడ్ గుర్తించదు. వాటి స్థానంలో తన సొంత మూలవిలువలు తీసుకొంటుంది. వాడుకరికి పొరపాటు సందేశమేదీ రాదు. చిత్రం మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాని మూడవ రూపం దాలుస్తుంది. అందువల్ల జంటను జంటగానే తీసుకోవాలి, విడదీయరాదు.

తెలియకుండానే జరిగే కలయిక మరొకటి ఉంది. చిక్కుప్రశ్నలలో దీని వాటా చిన్నది కాదు. పాత ప్రీసెట్‌ను తొలగించకుండా దానిపైనే కొత్తదానిని పరిచేవారు ఎందరో. కొత్తదానిలో లేని ఫైలు, ఉదాహరణకు లెన్స్ ఫైలు, పాతది అక్కడే ఉండిపోయి తన పని తాను చేసుకొంటూనే ఉంటుంది. “చిత్రంలో చూపినట్లు నా తెరపై లేదు” అన్న ఫిర్యాదుకు తరచుగా ఇదే కారణం. ఈ ఫైళ్లు గేము మూల ఫోల్డరులో ఉంటాయి గనుక, డేటా ఫోల్డరును చక్కగా నిర్వహించే మాడ్ ఆర్గనైజర్ వంటి సాధనం కూడా, దీనికై ప్రత్యేక ఏర్పాటు చేసుకొంటే తప్ప, వీటి జోలికి పోదు. మూల ఫోల్డరును శుభ్రంగా ఉన్నప్పుడే ఒక నకలు తీసి దాచుకోవడం పది నిమిషాల పని. దానిని వాయిదా వేసినవారు చివరకు గేమును మొత్తంగా తిరిగి ఎక్కించుకొంటారు.

వాతావరణం మాట చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. స్కైరిమ్‌లో ప్రతి వాతావరణానికీ, అంటే ఎండ, మబ్బు, మంచు తుఫాను మొదలైనవాటికి, తన సొంత రంగుల పట్టీ గేము డేటాలో ఉంటుంది. ఆ పట్టీలను మార్చే మాడ్లు వేరుగా ఉన్నాయి: క్లైమేట్స్ ఆఫ్ టామ్రియెల్, వివిడ్ వెదర్స్, అబ్సిడియన్ వెదర్స్, కెథీడ్రల్ వెదర్స్ వంటివి. ఈఎన్‌బీ ప్రీసెట్లను వీటిలో ఏదో ఒకదానిని దృష్టిలో ఉంచుకొని తయారుచేస్తారు. ఒక మాడ్‌లో రాత్రి సహజంగానే చీకటిగా ఉంటే, దానికై కూర్చిన ప్రీసెట్ ఆ చీకటిని కొంత తేలికపరుస్తుంది. అదే ప్రీసెట్‌ను వెన్నెల మెండుగా ఉన్న మాడ్‌పై పెడితే అర్ధరాత్రి అపరాహ్ణంలా ఉంటుంది. కనుక రెండు ప్రీసెట్లు కలిపే ముందు రెంటికీ ఆధారమైన వాతావరణ మాడ్ ఒకటేనా అన్నది చూడాలి. ఒకటి కాకుంటే, ఆ కలయికను ఆదిలోనే మానుకోవడం మేలు. రెండు వాతావరణ మాడ్లను కలిపి ఎక్కించడం పరిష్కారం కాదు. ఒకే వాతావరణాన్ని రెండూ మార్చినప్పుడు వరుసలో చివర ఎక్కినదే నెగ్గుతుంది.

ఆధారం ఒకటే ఐనప్పుడు మాత్రం ఒక మంచి అవకాశముంది. ఈఎన్‌బీ తన విలువలను ఉషస్సు, సూర్యోదయం, పగలు, సూర్యాస్తమయం, సంధ్య, రాత్రి అని ఆరు వేళలకు, లోపలి గదులకు పగలు రాత్రి అని మరి రెంటికి విడివిడిగా ఉంచుతుంది. షేడర్ కోడ్ రెండు ప్రీసెట్లలో ఒకటే ఐతే, ఒకరి రాత్రి విలువలను మరొకరి పగటి విలువల సరసన చేర్చుకోవచ్చు. వాతావరణానికొక విలువల ఫైలు పెట్టుకొనే ఏర్పాటు కూడా ఉంది. అప్పుడు ప్రధాన ఫైలులో ఏమి మార్చినా తెరపై మార్పు కనిపించకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు, ఆ వేళకు వాతావరణ ఫైలే పాలిస్తున్నదని అర్థం.

ఎక్కించే పద్ధతి క్లుప్తంగా: స్పెషల్ ఎడిషన్‌లో ఈఎన్‌బీ ‘డీ3డీ11.డీఎల్ఎల్’ పేరుతోనూ, రీషేడ్ ‘డీఎక్స్‌జీఐ.డీఎల్ఎల్’ పేరుతోనూ ఉండగలవు గనుక తగవు లేదు. 2011 నాటి పాత రూపంలో రెండూ ‘డీ3డీ9.డీఎల్ఎల్’ అన్న పేరే కోరతాయి. అక్కడ రీషేడ్ ఫైలుకు వేరు పేరు పెట్టి, ‘ఈఎన్‌బీలోకల్.ఐఎన్ఐ’లోని ప్రాక్సీ విభాగంలో ఆ పేరు రాసి, ప్రాక్సీని అనుమతించాలి. ఇటీవలి కాలంలో వచ్చిన కమ్యూనిటీ షేడర్స్ అనేది ఈఎన్‌బీకి ప్రత్యామ్నాయం. ఆ రెంటినీ ఒకచోట వాడరాదు.

పరీక్షించేటప్పుడు ఒకే చోట నిలబడి తృప్తిపడడం పెద్ద పొరపాటు. వైట్‌రన్ బయట మధ్యాహ్నపు ఎండలో దాదాపు ఏ కలయికైనా బాగానే ఉంటుంది. వింటర్‌హోల్డ్ మంచు తెలుపును, బ్లీక్ ఫాల్స్ బారో గుహ నలుపును, రివర్‌వుడ్ సత్రం లోపలి దీపాలు మనుషుల చర్మపు రంగును నిలదీస్తాయి. గేములోని కన్సోలులో ‘సెట్ గేమ్ అవర్’ ఆదేశంతో గంట మార్చి, ‘ఎఫ్‌డబ్ల్యూ’ ఆదేశంతో వాతావరణం మార్చి, అదే చోటును ఆరు వేళలా చూడాలి. షిఫ్ట్ ఎఫ్12 నొక్కితే ఈఎన్‌బీ ఆగి, మళ్లీ నొక్కితే వస్తుంది. కంటికి అలవాటైపోయిన అతిని పట్టుకొనేందుకు ఇంతకు మించిన ఉపాయం లేదు. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్క చిత్రానికి యంత్రానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. నిశ్చలచిత్రాలు తీయడానికై కూర్చిన ప్రీసెట్లు ఈ లెక్కను పట్టించుకోవు. వాటిని ఆటకు వాడి, కత్తి ఎత్తేలోపే ప్రాణం పోయిందని వాపోవడం న్యాయం కాదు.

చివరగా హక్కుల సంగతి. తన కంప్యూటరులో తాను ఏ రెంటిని కలుపుకొన్నా సాధారణంగా అడిగేవారు లేరు. కలిపినదానిని పదిమందికీ పంచదలచినప్పుడే ప్రశ్న పుడుతుంది. షేడర్ ఫైలు తలభాగంలో దానిని రాసినవారి పేరు, షరతులు తరచుగా ఉంటాయి. నెక్సస్ మాడ్స్‌లో ప్రతి మాడ్‌కూ అనుమతుల వివరం వేరుగా ఉంటుంది. ఈఎన్‌బీ డీఎల్ఎల్ ఫైళ్లను దాని నిర్మాత సొంత సైటు నుండే దించుకోవాలి, ప్రీసెట్‌తో కలిపి పంచరాదు. ఒకరి రాత్రి, మరొకరి పగలు అతికించిన ప్రీసెట్‌ను పంచేవారు ఇద్దరినీ అడగాలి. ఒకరు కాదంటే ఫైళ్లు ఇవ్వకుండా, ఏ ప్రీసెట్‌లోని ఏ విలువను ఎంతకు మార్చారో మాత్రం రాసి ఇవ్వడం ఈ రంగంలో మర్యాదైన దారి. చదివినవారు ఆ రెంటినీ వాటి నిర్మాతల వద్దనే తెచ్చుకొని, తామే కలుపుకొంటారు.