రెండు బాక్‌స్టర్లు, ఒక బేరింగు

2024లో న్యూజెర్సీలో రెండు పాత కార్లు అమ్మకానికి వచ్చాయి. రెండూ 2004 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఎస్. రెండింటికీ 3.2 లీటర్ల ఇంజను, చేత్తో మార్చే ఆరు గేర్లు. ఒకటి 28,100 మైళ్లు తిరిగింది, ఇంకొకటి 93,400. తక్కువ తిరిగిన బండికి ధర బాగా ఎక్కువ. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు రెండు బండ్ల కాగితాలూ స్కాన్ చేసి పంపాడు. "వయసు ఒకటే కదా మామయ్యా, తక్కువ తిరిగిందే తీసుకుంటాను" అన్నాడు. తీసుకోవచ్చు. కానీ ముందు ఆ 28,100 నిజమో కాదో తేలాలి, నిజమైతే దాని అర్థమేమిటో తేలాలి.

మొదట టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం చూశాను. అమెరికాలో బండి చేతులు మారినప్పుడు మీటరు రీడింగు రాసి సంతకం పెట్టాలని ఫెడరల్ చట్టం ఉంది. అయితే 2010, అంతకుముందు మోడళ్లకు పదేళ్లు నిండితే ఆ నిబంధన వర్తించదు. 2011 నుంచి వచ్చిన మోడళ్లకు ఆ గడువును ఇరవై ఏళ్లకు పెంచారు. ఈ బండి 2004ది. కాబట్టి 2019లో చేతులు మారినప్పుడు టైటిల్ మీద రీడింగు గడిలో "మినహాయింపు" అని పడింది. అంటే ఆ 28,100కు టైటిల్ సాక్ష్యం చెప్పదు. అబద్ధమనీ చెప్పదు.

తర్వాత ఉద్గారాల పరీక్ష చీటీలు. వాటి మీద మీటరు అంకె వేస్తారు. తక్కువ తిరిగిన బండివి వరసగా పెడితే 2008లో 14,200, 2010లో 17,900, 2012లో 20,300, ఆపైన 2019లో 20,900, 2021లో 25,000, 2023లో 27,600. అంకె ఎక్కడా వెనక్కి పోలేదు. కానీ 2012కూ 2019కీ మధ్య ఒక్క చీటీ లేదు. ఏడేళ్లలో మీటరు 600 మైళ్లు కదిలింది. ప్రకటనలో మాత్రం "ప్రతి వారాంతం నడిపిన బండి" అని ఉంది. రెండూ ఒకేసారి నిజం కావు, లేదా ఆ మాట 2019 తర్వాతి కాలానికే వర్తించాలి. ఇప్పుడు అమ్ముతున్న వ్యక్తి కొన్నది 2019లోనే. ఆయనకు తెలిసినంత వరకు ఆయన చెప్పింది నిజమే కావచ్చు. మొదటి యజమాని ఏడేళ్లు బండి ఎందుకు ఆపారో ఏ కాగితమూ చెప్పదు. నేనూ ఊహించను.

ఏడేళ్ల ఖాళీ చూడగానే మీటరు ఊడదీసి నడిపారన్న అనుమానం వస్తుంది. దాన్ని పరీక్షించే దారి ఒకటుంది. ఈ తరం పోర్షేల్లో ఇంజను కంప్యూటరు తాను పనిచేసిన గంటలు లెక్కపెట్టుకుంటుంది. డాష్‌బోర్డులోని మీటరు మార్చినా ఆ లెక్క చెరగదు. కొనేముందు చేయించిన తనిఖీలో 1,340 గంటలు అని వచ్చింది. 28,100ను దానితో భాగిస్తే గంటకు 21 మైళ్లు. స్పోర్ట్స్ కారుకు అది తక్కువ. మైళ్లు దాచి గంటలు మిగిల్చారా అన్న అనుమానం ఇక్కడ ఇంకా బలపడింది.

దాన్ని 2012 నాటి షెడ్డు బిల్లు కొట్టేసింది. ఆ బిల్లు వెనక కంప్యూటరు రీడింగు ముద్రించి పెట్టారు. 20,300 మైళ్లు, 960 గంటలు. అప్పుడూ గంటకు 21 మైళ్లే. అక్కణ్నుంచి ఇప్పటిదాకా 7,800 మైళ్లు, 380 గంటలు. గంటకు ఇరవైన్నర. మధ్యలో మైళ్లు మాయమై ఉంటే ఈ నిష్పత్తి విరిగిపోయేది. మీటరు నిజమే చెబుతోంది. బండి నెమ్మదిగా, దగ్గర దగ్గర దూరాలు తిరిగింది. రెండో బండి 93,400 మైళ్లను 2,520 గంటల్లో తిరిగింది. గంటకు 37. మైళ్లలో మూడు రెట్లకు పైగా ఉన్న తేడా ఇంజను నడిచిన గంటల్లో రెండు రెట్లు కూడా లేదు. ధర మాత్రం మైళ్లను బట్టే పెట్టారు.

టైర్ల దగ్గర ఇంకో వైరుధ్యం. ప్రకటనలో కొత్త టైర్లు, 2019లో వేయించినవి అని ఉంది, బిల్లూ ఉంది. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మేనల్లుడు తీసిన ఫొటోలో 3811 ఉంది. 2011లో 38వ వారం. ఎనిమిదేళ్ల పాత సరుకు కొత్తదని అంటగట్టారేమో అనుకుని బిల్లు మళ్లీ చదివాను. అందులో ఉన్నవి రెండే టైర్లు, వెనకవి. బాక్‌స్టర్‌కు ఇంజను సీట్ల వెనక ఉంటుంది, లాగేవి వెనక చక్రాలు, ముందు టైర్లకూ వెనక టైర్లకూ కొలతలు వేరు. వెనక జత ఒక్కటే మార్చడం ఈ బండికి మామూలే. ముందువి 2012లో నాలుగూ వేయించినప్పటివి. మోసం లేదు. కానీ గాడులు నిండుగా ఉన్న ఆ ముందు టైర్ల రబ్బరుకు పన్నెండేళ్లు. అవి పనికిరావు.

వయసు తినేవి ఇంకా ఉన్నాయి, వాటిని త్వరగా ముగించవచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తయారీదారు రెండేళ్లకోసారి మార్చమంటాడు. తక్కువ తిరిగిన బండిలో దాని చివరి బిల్లు 2019ది. ఈ మోడల్‌లో కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పగులుతుంది. రెండో బండిలో 2017లో మార్చారు, మొదటి దానిలో మార్చినట్టు లేదు. మడిచే టాపుకు వెనక ప్లాస్టిక్ అద్దం ఉంటుందని, అది పసుపెక్కి చీలుతుందని మేనల్లుడు భయపడ్డాడు. అది 2002 దాకా. 2003 మోడల్ నుంచి గాజు అద్దమే.

అసలు చిక్కు ఇంజను లోపల ఉంది. 1990ల చివర్లో వచ్చిన నీటితో చల్లబడే పోర్షే బాక్‌స్టర్, 911 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ నేరుగా క్యామ్‌షాఫ్టులను తిప్పదు. మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది, గొలుసులతో కదలిక అటు చేరుతుంది. ఆ మధ్య షాఫ్ట్‌కు ఫ్లైవీల్ వైపు చివర ఒక సీలు వేసిన బాల్ బేరింగు. మొదట్లో గుండ్లు రెండు వరుసలు. 2000 ప్రాంతం నుంచి ఒక్క వరుస. 2006 నుంచి పెద్ద బేరింగు, అయితే అది ఇంజను విప్పితే తప్ప బయటికి రాదు. 2009లో వచ్చిన కొత్త ఇంజన్లలో మధ్య షాఫ్టే లేదు. బేరింగు విరిగితే గొలుసు లెక్క తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజను పోతుంది. మన రెండు బండ్లూ ఒక్క వరుస కాలానివి. రెండు వరుసల్ని ఒకటి ఎందుకు చేశారో నేను చదివిన కాగితాల్లో లేదు.

ఈ బండ్లు వాడేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. తక్కువ తిరిగిన వాటిలోనే ఈ బేరింగు ముందు పోతుందని, ఎక్కువ తిరిగితే గండం గడిచినట్టేనని. దీనికి సాక్ష్యంగా లక్ష మైళ్లు దాటిన బండ్లు చూపిస్తారు. ఈ సాక్ష్యం నిలవదు. 20,000 మైళ్ల దగ్గర ఇంజను పోయిన బండి లక్షకు చేరదు. లక్ష దాటిన గుంపులో పోయినవి ముందే తీసేసి ఉన్నాయి. మిగిలిన వాళ్లను మాత్రమే అడిగి మశూచికి ఎవరూ చావలేదని రాసినట్టు ఉంటుంది. కాబట్టి 93,400 అనే అంకె ఒక్కటే రెండో బండికి పూచీ ఇవ్వదు.

గట్టిగా తోలితే పోతుందన్నది ఇంకో మాట. అదే కాలంలో 911 టర్బో, జీటీ3లకు వేరే వంశం ఇంజను వేశారు. అందులోనూ మధ్య షాఫ్ట్ ఉంది, కానీ దాన్ని మోసేవి ఒత్తిడితో ఆయిల్ అందే సాదా బేరింగులు. రేసులకు వాడిన ఆ ఇంజన్లకు ఈ జబ్బు లేదు. తోలే తీరు కంటే బేరింగు రకమే తేడా అని అది సూచిస్తుంది. సీలు వేసిన బేరింగులో గ్రీజు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడి, ఇంజను ఆయిల్ లోపలికి దిగి గ్రీజును కడిగేస్తుందన్నది మెకానిక్కులు ఎక్కువగా చెప్పే వివరణ. దగ్గర దూరాలు తిరిగే ఇంజను పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో తేమా పెట్రోలూ మిగిలిపోతాయి. ఇది సబబుగా ఉంది. రుజువైందని మాత్రం రాయను.

కోర్టు కాగితం ఒకటి ఇంతకంటే గట్టిది. ఈ బేరింగు మీద అమెరికా ఫెడరల్ కోర్టులో యజమానులంతా కలిసి వేసిన దావా 2013లో రాజీకి వచ్చింది. 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 వరకు తయారైన బండ్లకు అది వర్తించింది. గడువు బండి రోడ్డెక్కిన నాటి నుంచి పదేళ్లు లేదా 1,30,000 మైళ్లు, ఏది ముందైతే అది. ఆ దావా నుంచి వచ్చినవిగా రెండు అంకెలు తిరుగుతుంటాయి. ఒక వరుస బేరింగులు నూటికి ఎనిమిది పోతాయని, రెండు వరుసలవి ఒకటి లోపేనని. అవి నిజమైనా బేరింగు రకం గురించే చెబుతాయి, మైళ్ల గురించి కాదు. గడువే మనకు పనికొస్తుంది. తక్కువ తిరిగిన బండి 2014లో దాన్ని దాటేసింది. అప్పటికి మైళ్లలో ఆరో వంతు కూడా వాడలేదు. ఏళ్లన్నీ వాడేసింది.

ఆయిల్ బిల్లులు దీనికి పక్కన పెట్టి చదవాలి. తయారీదారు షెడ్యూలు 15,000 మైళ్ల దాకా సాగుతుంది. ఆ మైళ్ల లెక్కన మొదటి బండి ఎక్కడా తప్పలేదు. 2005, 2007, 2009, 2012, 2019, 2021లో మార్చారు. 2012లో పోసిన ఆయిల్ మీద బండి 600 మైళ్లే తిరిగింది, ఆ ఆయిల్ మాత్రం ఏడేళ్లు లోపలే ఉంది.

ముడి వీడింది రెండో బండి బిల్లుల్లో. 2015లో, 64,900 మైళ్ల దగ్గర క్లచ్ అరిగింది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ తీస్తే ఆ బేరింగు ఎదురుగా కనిపిస్తుంది. ఈ కాలపు బేరింగును ఇంజను విప్పకుండా మార్చగలిగేది అక్కడినుంచే. బిల్లులో క్లచ్ కింద రెండో వరుసలో బేరింగు కిట్టు ఉంది. మొదటి బండికి క్లచ్ ఎన్నడూ అరగలేదు. గేర్‌బాక్స్ దించిన బిల్లు లేదు. ఫ్యాక్టరీలో వేసిన బేరింగే ఇంకా లోపల ఉంది. ఇప్పుడు లెక్క వేస్తే రెండో బండి బేరింగు తిరిగింది 28,500 మైళ్లు. మొదటి దానిది 28,100. మైళ్లలో తేడా 400. వయసులో ఒకదానికి తొమ్మిదేళ్లు, ఇంకొకదానికి ఇరవై.

చివరగా ఆయిల్ ఫిల్టరు కోసి చూడమన్నాను. ఇనుప రజను ఉంటే మడతల్లో మెరుస్తుంది. మొదటి బండి అమ్మే ఆయన ఒప్పుకోలేదు. కారణం చెప్పలేదు, ఆయన బండి ఆయన ఇష్టం. రెండో దానిలో మెరుపు లేదు. గొలుసు ఆనే గైడ్ల ప్లాస్టిక్ ముక్కలు నాలుగైదు ఉన్నాయి. అది 93,400 మైళ్ల అరుగుదలే. సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కూడా అరిగాయి, వాటికి ఖర్చు ఉంది.

మేనల్లుడు రెండో బండి వైపు మొగ్గాడు. బిల్లుకు పిన్ను కొట్టిన కిట్టు కాగితంలో ఆ కొత్త బేరింగును మళ్లీ ఎప్పుడు మార్చాలో మైళ్లలోనూ ఏళ్లలోనూ రాసి ఉంది. మైళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఏళ్ల గడువు దాటింది. ఆ పనికి అయ్యే మొత్తం ధరలో తగ్గించమని అడిగితే, అమ్మే ఆవిడ కాగితం రెండుసార్లు చదివి సగం తగ్గించారు.