మేనరికం ఇళ్ళలో ఒక ప్రశ్న

పడమటి కర్నూలులో టీకాల కథ అడిగితే చాలామంది పల్స్ పోలియో దగ్గర మొదలుపెడతారు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఏళ్ళ తరబడి సూదిమందు వేసి రిటైరైన ఏఎన్ఎమ్‌ను నేను. నా లెక్కలో ఆ కథ చాలా పాతది.

1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో ఆదోని కూడా ఉంది. రెండేళ్ళకే, 1802లో, మశూచి టీకా బొంబాయిలో దిగి మద్రాసు వైపూ వచ్చింది. ఒక బిడ్డ చేతి పొక్కులోని రసం తీసి ఇంకో బిడ్డ చేతికి గీరి ఎక్కించడమే అప్పటి పద్ధతి. తరవాత గిండీలో 1899లో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ దూడల చర్మం మీద పెంచిన రసాన్ని జిల్లాలకు పంపేది. 1953లో కర్నూలులో కలిసేదాకా మాది బళ్ళారి జిల్లా. మా అవ్వ భుజం మీది రూపాయంత మచ్చ ఆ బళ్ళారి కాలానిదే.

ఆ రసంలో ఉన్నది బతికున్న క్రిమి. చాలామందికి ఒక పుండు లేచి, పక్కు కట్టి, రాలిపోయేది. ఎక్కడో ఒక బిడ్డకు మాత్రం ఆ పుండు మానకుండా పాకుతూ పోయేది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని బిడ్డలకే అలా అవుతుందని డాక్టర్లకు అర్థం కావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. మన సీమలోనే మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియంలో 1950లో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ క్షయ టీకా బీసీజీ మీద పెద్ద పరిశీలన మొదలుపెట్టాడు. బీసీజీలో ఉన్నదీ బతికున్న క్రిమే. నిరోధక శక్తి లేని పసిబిడ్డకు అది ఒళ్ళంతా పాకగలదు.

రుబెల్లా టీకా కథ కూడా ఈ బతికున్న క్రిమి దారిలోనే నడిచింది. తట్టు పోస్తే మా ఊళ్ళలో గుమ్మానికి వేపమండలు కడతారు. కానీ మూడు రోజుల జరం, కొద్దిపాటి ఎర్రమచ్చలతో పోయే రుబెల్లాను పట్టించుకునేవాళ్ళే లేరు. 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన బిడ్డల తల్లుల్లో చాలామందికి గర్భం తొలి నెలల్లో ఈ జబ్బు వచ్చిందని కనిపెట్టాడు. చెవుడు, గుండెలో లోపాలు కూడా దానివల్లే. 1964 నాటి మహమ్మారి అమెరికాలో అలాంటి బిడ్డలను దాదాపు 20,000 మందిని మిగిల్చింది. ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాన్లీ ప్లాట్కిన్ ఆర్ఏ 27/3 అనే వైరస్ రకాన్ని మనిషి కణాల్లో, 30 డిగ్రీల చల్లదనంలో పెంచి నీరసింపజేశాడు. తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసే ఎంఆర్ టీకా సీసాలోంచి నేను తీసి వేసింది ఆ రకమే.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ ఎంఆర్ వేశాం. ఆదోనిలో ఒక బడి వరండాలో ఒక తల్లి నన్ను నిలదీసింది: "సిస్టరమ్మా, బాగున్న బిడ్డకు జబ్బు క్రిమిని ఎక్కిస్తారంట, నిజమేనా?" నిజమేనన్నాను. నీరసించిన క్రిమి అనీ, వారం పది రోజులకు కొందరికి కొంచెం జరం, మచ్చలు వచ్చి పోతాయనీ చెప్పాను. ఎదిగిన ఆడవాళ్ళలో నలుగురిలో ఒకరికి కీళ్ళు నొయ్యొచ్చు, పిల్లలకు అది అరుదు. తెలియక గర్భిణులకు పడితే ఏమవుతుందోనన్న భయం అమెరికాలోనూ ఉండేది. 1971 నుంచి 1989 వరకు, గర్భానికి కాస్త ముందో గర్భం తొలి నెలల్లోనో టీకా పడిన, రుబెల్లా నిరోధకత లేని 321 మందిని అక్కడ గమనించారు. ఒక్క బిడ్డకూ రుబెల్లా లోపాలు రాలేదు. అయినా గర్భిణికి ఈ టీకా వెయ్యరు.

అసలు అరుదైన జబ్బు వేరే ఉంది. 2014లో ఫ్రాన్స్ డాక్టర్లు, పుట్టుకతో నిరోధక లోపమున్న రోగుల చర్మం మీద ఏళ్ళ తరబడి మానని గడ్డల్లో రుబెల్లా టీకా వైరస్‌నే గుర్తించారు. ఆ వైరస్ ఒంట్లో ఉండిపోయి మారుతూ, ఇంకా సజీవంగానే ఉందని 2019లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. నిరోధక శక్తి గట్టిగా ఉన్న ఒంట్లో ఆ వైరస్ అన్నాళ్ళు ఉండిపోవడం చాలా అరుదు.

ఇది మన ప్రాంతంలో పట్టించుకోవాల్సిన సంగతి. మేనమామ అక్క కూతురిని చేసుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. అమ్మానాన్న ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడే జబ్బులు మేనరికంలో ఎక్కువ. పుట్టుకతో వచ్చే నిరోధక లోపాల్లో చాలా అలాంటివే. దీపావళి తర్వాత సుగ్గికని, అంటే కోతల కూలికి వలసగా, గుంటూరు మిరప చేలకు పోయే ఇళ్ళలో, పసిబిడ్డ ఎక్కడో గుడిసెలో జరంతో పోతే ఏ కాగితం మీదా కారణం ఎక్కదు, అలాంటి లోపం ఉందన్న సంగతే తెలియకుండా పోతుంది.

అందుకే తల్లులకు నా మాట ఒకటే. టీకా మానకండి. టీకా మానిన ఊళ్ళో రుబెల్లా తిరుగుతుంది, గర్భిణిని పట్టుకుంటుంది. సూది వేసే ముందు మాత్రం రెండు సంగతులు చెప్పండి: ఇంట్లో ముందు పుట్టిన బిడ్డ ఎవరైనా మాటిమాటికీ జబ్బు పడి పోయారా? ఈ బిడ్డకు మానని పుండ్లు, ఆగని విరేచనాలు, పదేపదే నిమ్ము ఉన్నాయా? ఔనంటే ఆ రోజుకు ఆగి పిల్లల డాక్టరుకు చూపించండి. ఇప్పుడు సూదిమందు వేస్తున్న చెల్లెళ్ళకూ చెబుతున్నా: తల్లి చెప్పకపోతే మీరే అడగండి, మేనరికం ఇల్లయితే తప్పకుండా అడగండి.