అనారోగ్య విరమణ పింఛను: రూలు మార్చే అధికారం ఎంతవరకు?

పింఛను హక్కుపై నేను చదివిన వ్యాసాలు దాదాపు అన్నీ రిటైరైన తేదీని బట్టి పింఛనుదారులను విడదీయరాదన్న సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పుతో మొదలై అక్కడే ఆగిపోయాయి. వయసు నిండి దిగినవారినీ, ఒళ్లు సహకరించక నడిమధ్యలో దిగిపోయినవారినీ ఒకే గాటన కట్టాయి. ఆ అసంతృప్తే ఈ వ్యాసం రాయించింది.

సర్వీసు రూల్సు వ్యాఖ్యాతల్లో ఒక వాదం పాతుకుపోయింది. రాజ్యాంగం 309వ అధికరణం కింద వెనకటి తేదీ నుంచీ రూలు చేయవచ్చు గనుక, మార్పు రిటైరైనవారికీ అంటుతుందన్నది దాని సారం. ఈ వాదం సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన రంగధామయ్య తీర్పు ముందు నిలవదు. రైల్వే రన్నింగ్ సిబ్బందికి పింఛను కట్టేటప్పుడు రన్నింగ్ అలవెన్సును జీతంలో 75 శాతం దాకా కలిపేవారు. 1988 డిసెంబరు 5 నాటి ప్రకటనలు ఆ పరిమితిని 1973 జనవరి 1 నుంచి 45 శాతానికి, 1979 ఏప్రిల్ 1 నుంచి 55 శాతానికి దించాయి. అప్పటికే దిగిపోయిన డ్రైవర్లు, గార్డుల పింఛను కాగితం మీద తరిగిపోయింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కోత చెల్లదంది. రిటైరైన రోజున అమల్లో ఉన్న రూలు ప్రకారం వచ్చిన పింఛను వారి సొత్తు.

వయసు నిండి దిగినవారికే ఇంత రక్షణ ఉంటే, మెడికల్ బోర్డు దింపేసినవారికి అంతకు మించి ఉండాలి. దిగే తేదీ వారు ఎంచుకున్నది కాదు. కోత పడితే మరో కొలువు చూసుకునే ఓపికా లేదు. ఈ తేడాను రూల్సే ఒప్పుకున్నాయి: కేంద్ర ఉద్యోగి వయసు నిండి దిగి ఏడాదిలోగా కోరితే వైద్య పరీక్ష లేకుండానే కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి సొమ్ము) వస్తుంది, అనారోగ్యంతో దిగిన ఇన్వాలిడ్ పింఛనుదారు మాత్రం డాక్టర్ల ముందు నిలబడాలి.

గోదావరి జిల్లాల్లో నేను కలిసిన ఒక మాజీ సిపాయి ట్రంకు పెట్టెలోంచి మెడికల్ బోర్డు కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు అంటించారు. ఎనిమిదేళ్ల సర్వీసు. పదేళ్లు నిండలేదని అప్పట్లో పింఛను ఇవ్వక, ఒక్కసారి ఇచ్చే ఇన్వాలిడ్ గ్రాట్యుటీతో సరిపెట్టారు. 2020లో కేంద్రం ఆ పదేళ్ల షరతు ఎత్తేసింది, కానీ 2019 జనవరి 4న గానీ ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవారికే. "జబ్బు అదే కదండీ, తేదీయే కదా వేరు?" అన్నారాయన.

రిటైరైన తేదీని బట్టి పింఛనుదారులను వేరుచేసే అధికారాన్ని 2025 ఆర్థిక చట్టం కేంద్రానికి ఇచ్చిన మాట నిజమే. కానీ వేరుచేయడం ఒకటి, చేతికొచ్చిన ముద్ద లాక్కోవడం మరొకటి.

కాబట్టి మెడికల్ బోర్డు సంతకం పడిన రోజునే ఆ ఉద్యోగి హక్కు గట్టిపడాలి. అక్కడినుంచి రూలు అతని మేలుకే మారాలి, కీడుకు మారకూడదు. చట్టం వేరుచేయనిచ్చినా, మేలుకు మారినప్పుడు తేదీ అడ్డుపెట్టి అతన్ని గడప బయట నిలబెట్టడమూ నా దృష్టిలో కోతే.