స్వేదవిధి, శీతస్నానము – పూర్వులు గీచిన హద్దులు



ఈ నడుమ మా యొద్దకు వచ్చు భక్తులలో పలువురు ఒకే ప్రశ్న అడుగుచున్నారు. విదేశములందున్న వారి కుమారులు, మనుమలు ‘సౌనా’ యను వేడిగదిలో కూర్చుండి, చెమటలు కారుచుండగనే లేచి మంచునీటి తొట్టిలో మునుగుచున్నారట. హైదరాబాదు వంటి నగరములలో గూడ అట్టి గదులు వెలసినవి. ఇది మన శాస్త్రమున ఉన్నదేనా, దీనివలన మేలా, కీడా యని వారి సందేహము. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, మన కార్తికస్నానము, మాఘస్నానము ఇదియే గదా, తెల్లవారు మన విద్యను ఇప్పుడు నేర్చికొనిరి గదా యని సంతోషపడుచున్నారు. ఆ సంతోషమును చెరపుట మాకు ఇష్టము లేకున్నను, విషయము ప్రాణములతో ముడిపడినది గనుక ఉన్నదున్నట్లు మనవి చేయవలసి యున్నది.

అగ్నివేశుడు రచింపగా చరకుడు సంస్కరించిన సంహితలో సూత్రస్థానమందలి 14వ అధ్యాయము పూర్తిగా స్వేదమును గూర్చినదే. చెమట పట్టించు విధములు అగ్నితో కూడినవి 13, అగ్ని లేనివి 10 అని అందు లెక్కింపబడినవి. అగ్ని లేనివానిలో వ్యాయామము, ఎండ, బరువైన దుప్పటి కప్పుకొనుట మాత్రమే గాక ఆకలి, భయము, కోపము, యుద్ధము కూడ చేర్చబడినవి. భయపడినవానికి చెమట పట్టుట మనమెరుగనిది కాదు.

అగ్నితో కూడిన 13 విధములలో ‘జేంతాకము’ అనునది నేటి సౌనాకు మిక్కిలి దగ్గరి చుట్టము. దాని నిర్మాణమును ఆచార్యుడు శిల్పికి చెప్పినట్లు చెప్పినాడు. ఇంటికి తూర్పుననో ఉత్తరముననో మంచి నేలను ఎన్నుకొనవలెను. అక్కడ చెరువు గాని కోనేరు గాని ఉండవలెను. దాని దక్షిణపు గట్టుననో పడమటి గట్టుననో, నీటికి ఏడెనిమిది అరత్నుల దూరమున, గుండ్రని గది కట్టవలెను. ఎత్తును వెడల్పును 16 అరత్నులకు మించరాదు. అరత్ని యనగా మోచేయి మొదలు చిటికెనవ్రేలి కొన వరకు గల కొలత. కావున గది ఇంచుమించు 22 అడుగులది యగును. గోడలకు మట్టిపూత, గాలి వచ్చుటకు అనేకములైన కిటికీలు ఉండవలెను. లోపల గోడ వెంబడి తలుపు వరకు అరత్ని ఎత్తు, అరత్ని వెడల్పు గల అరుగు చుట్టి రావలెను. నడుమ పురుషప్రమాణమైన మట్టిపొయ్యి, దానికి సన్నని రంధ్రములు, పైన మూత. చండ్రకఱ్ఱ మొదలగు గట్టి కట్టెలతో దానిని నింపి మండించవలెను. కట్టె చక్కగా కాలి, పొగ పూర్తిగా పోయి, గదియంతయు స్వేదమునకు తగిన వేడిమి పొందిన పిమ్మటనే రోగిని లోనికి పంపవలెను. అతడు వాతహరమైన తైలము పూసికొని, వస్త్రము కప్పుకొని ఉండవలెను.

ఫిన్లండు దేశమున పాతకాలపు ‘పొగ సౌనా’ ఒకటి కలదు. దానికి పొగగొట్టముండదు. రాళ్లపొయ్యిని గంటల తరబడి మండించి, పొగను వెలికి పోనిచ్చి, ఆ పిమ్మటనే మనుష్యులు ప్రవేశింతురు. ఆ దేశమునకు చరకుని వార్త చేరినదని గాని, ఆ దేశపు ఆచారము మనకు వచ్చినదని గాని మేము అనము. నిప్పు, మట్టి, పొగ ఎక్కడనైనను ఒక్కటే. ఆలోచించిన మనుష్యునికి అక్కడను ఇక్కడను ఒకే ఉపాయము తోచినది. వారు కాలిన రాళ్లపై నీరు చల్లగా లేచెడి ఆవిరిని ‘లోయులు’ అందురు. ఆ పదమునకు పూర్వకాలమున ప్రాణము, ఆత్మ అను అర్థముండెనని భాషావేత్తలు చెప్పుదురు. సుమారు 56 లక్షల జనులున్న ఆ దేశమున 30 లక్షలకు పైబడి సౌనాలు గలవు. 2020వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఆ ఆచారమును మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. వారికది క్రీడ కాదు. పూర్వము అక్కడి స్త్రీలు ఆ గదిలోనే ప్రసవించెడివారు.

మన దేశమున ఈ గది వైద్యగ్రంథములకే పరిమితమై యుండలేదు. పాలిభాషలోని వినయపిటకమున ‘జంతాఘరము’ అను వేడిస్నానశాల ప్రస్తావన కలదు. వైశాలిలో భిక్షువులు మృష్టాన్నములు భుజించి, శరీరములు బరువెక్కి, తరచు రోగములపాలగుచుండగా జీవకుడను వైద్యుడు చూచి, వారికి నడకకు చంక్రమమును, చెమటకు జంతాఘరమును అనుమతింపుడని బుద్ధుని ప్రార్థించెనట. పొగ పోవుటకు దారి, ముఖమునకు వేడి తగులకుండ పూసికొను మట్టి, ఇవన్నియు అక్కడ విధింపబడినవి. జేంతాక, జంతాఘర పదముల పోలిక పండితులు గుర్తించినదే. బౌద్ధగ్రంథమని దీనిని ప్రక్కన పెట్టనేల? చరిత్ర చరిత్రయే. సింహళద్వీపమున అరంకెలె మొదలగు ప్రాచీన విహారముల శిథిలములలో అట్టి స్నానశాలల పునాదులు నేటికిని చూడవచ్చును.

ఇక అసలు విషయమునకు వత్తము. రోగిని లోనికి పంపునపుడు ఆచార్యుడు అతనిని ‘సౌమ్యా’ యని పిలిచి, క్షేమమునకు, ఆరోగ్యమునకు ప్రవేశింపుమని చెప్పి, మూడు మాటలు బోధించును. మొదటిది: మూర్ఛ వచ్చినట్లున్నను అరుగును విడువకుము. ఏలయన అరుగు విడిచినవాడు, వేడికి తల తిరిగి, తలుపు కానక, ప్రాణములు కోల్పోవును. అరుగు తలుపు వరకు పోవును గనుక దానిని పట్టుకొని బయటపడవచ్చును. రెండవది: దేహము తేలికపడి, బిగువు, తిమ్మిరి, బరువు పోయినట్లు తోచగానే అరుగు వెంబడి బయటికి రమ్ము. మూడవది మన ప్రశ్నకు సూటియైన సమాధానము: బయటికి వచ్చిన వెంటనే చన్నీటిని తాకకుము. నేత్రరక్షణమునకై ఈ నిషేధము. తాపమును బడలికయు తీరువరకు ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు ఆగి, గోరువెచ్చని నీటితో స్నానము చేసి, పిదప భుజింపుము.

గది చెరువుగట్టుననే కట్టించినాడు. నీరు ఏడెనిమిది మూరల దూరముననే ఉన్నది. అయినను అందు దూకుమనలేదు. కావున వేడిగది నుండి మంచునీటిలోనికి దూకుట చరకమున ఉన్నదని ఎవరైనను చెప్పినచో వారు ఆ అధ్యాయమును చివరి వరకు చదువలేదని గ్రహింపవలెను.

ఎవరికి స్వేదము కూడదో ఆ జాబితా కూడ అక్కడనే కలదు. నిత్యము మద్యము త్రాగువారు, గర్భిణులు, రక్తపిత్తము గలవారు, మధుమేహులు, అతిసారము గలవారు, దుర్బలులు, అలసినవారు, ఆకలిదప్పులతో ఉన్నవారు, కోపముతోను శోకముతోను ఉన్నవారు అని చాల దూరము సాగును. వృషణములు, హృదయము, కన్నులు అను మూడు స్థానములకు స్వేదము మృదువుగా చేయవలెను, లేదా అసలు చేయరాదు. హృదయముపై చల్లని ముత్యములు, తడి తామరలు ఉంచవలెనని కూడ చెప్పబడినది. నేటి వైద్యుల మాటను దీని ప్రక్కన పెట్టి చూడుడు. మద్యము సేవించి సౌనాకు పోవుట అపాయములలో మొదటిదని వారందురు. ఇన్సులిన్ సూది వేసికొనువారికి వేడిలో ఆ మందు రక్తములో త్వరగా కలిసి చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. పాదములు తిమ్మిరెక్కిన మధుమేహికి కాలుచున్నదను స్పర్శయే తెలియదు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కదలకున్నను ఎదనొప్పి వచ్చువారు, గుండె కవాటము మిక్కిలి ఇరుకైనవారు పోరాదు. అధికమైన వేడి పురుషులలో వీర్యకణముల సంఖ్యను తాత్కాలికముగా తగ్గించుననియు తేలినది.

మేలు లేదా? కలదు. ఫిన్లండులోని కువోపియో ప్రాంతమున 2,315 మంది నడివయసు పురుషులను సుమారు 20 ఏండ్లు గమనించి 2015లో వైద్యులు ఫలితములు ప్రకటించిరి. వారమునకు ఒకసారి సౌనాకు పోవువారి కంటె 4 నుండి 7 సార్లు పోవువారిలో ఆకస్మిక హృదయమరణములు 63 శాతము తక్కువగా కనబడినవి. అయితే ఇది గమనించి చెప్పిన సంగతియే గాని పరీక్షించి నిరూపించినది కాదు. ఆరోగ్యముగా ఉన్నవాడే వారమునకు ఏడు సార్లు వేడిగదికి పోగలడను తర్కము కూడ ఉన్నది. వేడికి రక్తనాళములు వికసించుట, రక్తపోటు కొంత తగ్గుట, కండరముల బిగువు సడలుట మాత్రము స్పష్టము. చెమటతో దేహమందలి విషములన్నియు పోవునను ప్రచారము మాత్రము నమ్మదగినది కాదు. చెమట చాలవరకు నీరు, ఉప్పు. ఆ పని చేయునవి కాలేయము, మూత్రపిండములు. ఆయుర్వేదమున గూడ స్వేదము దోషములను కరిగించి కదలించు పూర్వకర్మయే. వెడలగొట్టుటకు వమన విరేచనాదులు వేరుగా ఉన్నవి. మరియొక మాట. ఆరు నెలలు మంచు కప్పియుండు దేశమున పుట్టిన ఆచారమిది. వైశాఖమాసమున విజయవాడలో ఉన్నవాడు చెమట కొరకు రుసుము చెల్లించుట ఏలనో మాకు బోధపడదు.

హద్దు దాటిన చోట ఏమి జరిగినదో చెప్పుటకు రెండు ఉదాహరణములు చాలును. 1999 నుండి ఫిన్లండులోని హైనోలా పట్టణమున సౌనాలో ఎవరెక్కువసేపు కూర్చుందురను పోటీ జరుగుచుండెను. 2010లో 110 డిగ్రీల వేడిలో తుదిపోటీకి కూర్చున్న ఇద్దరు ఆరు నిమిషములలో కుప్పగూలిరి, ఒకడు మరణించెను. ఆ పోటీ మరల జరుగలేదు. అంతకు ముందటి యేడు, 2009 అక్టోబరులో, అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఒక ఆధ్యాత్మిక శిబిరము జరిగెను. అక్కడి ఆదిమవాసుల ఆచారమును అనుకరించి గుడారములో కాలిన రాళ్లపై నీరు పోసి, పదుల కొలది మనుష్యులను అందు కూర్చుండబెట్టిరి. ముగ్గురు మరణించిరి. నిర్వాహకునికి 2011లో శిక్ష పడినది. ఓర్చుకొనుటయే సాధన యని అక్కడ బోధించిరి. మన ఆచార్యుడు బోధించినది తలుపునకు దారి. ఆధ్యాత్మికమను పేరుతో దేహమును ఇట్టి పరీక్షకు పెట్టువారిని చూచినపుడు మాకు ఆ అరుగే జ్ఞప్తికి వచ్చును.

ఇక చన్నీటి సంగతి. సుశ్రుతుడు చికిత్సాస్థానమున, చలికాలమున అతిశీతలమైన నీరు కఫవాతములను, వేసవిలో అత్యుష్ణమైన నీరు పిత్తరక్తములను ప్రకోపింపజేయునని హెచ్చరించెను. వాగ్భటుడు పక్షవాతముచే ముఖము వంకరపోయినవారికి, కంటి చెవి నోటి రోగములు గలవారికి, పీనసము, అజీర్ణము, అతిసారము గలవారికి, భుజించిన వెంటనే ఎవరికైనను స్నానము కూడదనెను. నేటి శరీరశాస్త్రము దీనికొక వివరణ ఇచ్చుచున్నది. అలవాటు లేనివాడు చల్లని నీట ఒక్కసారిగా మునిగినచో మొదటి అరనిమిషముననే ఊపిరి తన ప్రమేయము లేకుండ ఎగబీల్చును; శ్వాస వేగపడును; చర్మమందలి రక్తనాళములు ముడుచుకొని రక్తపోటు, గుండెవేగము హఠాత్తుగా పెరుగును. ఆ ఎగబీల్పు నీటి అడుగున జరిగినచో ఈత వచ్చినవాడును మునుగును. ముఖము కూడ నీటిలో ఉన్నపుడు గుండెను నెమ్మదింపజేయు నాడి వేరొకవైపు లాగును. పరుగెత్తుమని ఒకటి, ఆగుమని ఒకటి రెండు ఆజ్ఞలు ఒకేసారి అందిన గుండె, అదివరకే దుర్బలమైనదైనచో, లయ తప్పవచ్చును. కొన్ని దినములు కొంచెము కొంచెముగా అలవాటు చేసినచో ఈ ఉలికిపాటు తగ్గును.

మన నదీస్నానవిధిలో కాలుసేతులు కడుగుకొనుట, ఆచమనము, సంకల్పము, మంత్రపూర్వకముగా నీరు చల్లుకొనుట, ఆ పిదపనే అవగాహనము. ఇది గుండెను కాపాడుటకే విధింపబడినదని మేము అనము. అది ధర్మముగా విధింపబడినది. కాని గట్టు మీదినుండి దూకువానికంటె ఈ క్రమమున దిగువానికి నీటి చల్లదనము మెల్లగా తెలియుననుట ప్రత్యక్షము. బదరీక్షేత్రమునకు పోవు మన తెలుగు యాత్రికులు తప్తకుండమున వేడినీట మునిగి, వెంటనే ప్రక్కనున్న అలకనందలో దిగుటకు ఉబలాటపడుచుందురు. ఎత్తైన ప్రదేశము, పలుచని గాలి, ఎక్కివచ్చిన బడలిక. అక్కడ చరకుని ముహూర్తకాలపు నియమము పాటించుట మిక్కిలి యవసరము.

మేము పాఠశాలలో చదువుకొను దినములలో తెల్లవారుజామున నూతినీటితో స్నానము తప్పనిసరి. ఒక పుష్యమాసమున జ్వరముతో వణకుచు ఒక విద్యార్థి బావి యొద్దకు వచ్చెను. గురువుగారు అతని చేతిలోని చేద తీసికొని, కంబళి కప్పి కూర్చుండబెట్టి, ‘ఆపోహిష్ఠా’ మంత్రములతో నాలుగు చుక్కలు ప్రోక్షించి, స్నానమైనది, సంధ్యకు కూర్చుండుమనిరి. మాలో కొందరికి అసూయ కలిగిన మాట నిజము.

గురువుగారు చేసినది దయ మాత్రమే కాదు, శాస్త్రము. పరాశరస్మృతి ఐదు స్నానములను చెప్పినది. భస్మముతో చేయునది ఆగ్నేయము, నీట మునుగుట వారుణము, ‘ఆపోహిష్ఠా’ మంత్రములతో ప్రోక్షించుకొనుట బ్రాహ్మము, గోధూళి సోకుట వాయవ్యము, ఎండ కాయుచుండగా కురిసిన వానలో తడియుట దివ్యము. ఐదింటిలో మునుగవలసినది ఒక్కటే. ఈ స్మృతికి విజయనగర రాజ్యకాలమున, 14వ శతాబ్దమున, మాధవాచార్యులు వ్రాసిన వ్యాఖ్య మన ప్రాంతములందు ప్రమాణముగా చెల్లుచున్నది.

ప్రతి కార్తికమునను డెబ్బదియేండ్లు దాటినవారు, గుండెకు శస్త్రచికిత్స జరిగినవారు కూడ చీకటితోనే ఏటికి బయలుదేరుచుందురు. వలదన్న ఇంటివారిపై కోపగింతురు. వ్రతభంగమగునని కంట నీరు పెట్టుకొందురు. అట్టివారికి, స్నానము తప్పనిసరియైనపుడు ఆతురుడు ఏమి చేయవలెనో పరాశరుడు విడిగా చెప్పియున్నాడు. ఆరోగ్యవంతుడొకడు పది మారులు స్నానము చేయుచు, చేసిన ప్రతిసారియు వచ్చి ఆతురుని తాకవలెను. అంతటితో ఆతురుడు శుద్ధుడగును. తాతగారు పంచలో కంబళి కప్పుకొని కూర్చుండవచ్చును. పది మారులు మునుగు పని మనుమనిది.